కోవిల్‌పట్టికి వచ్చిన జోకర్ తాత



ఎప్పటిలాగే ముందుగా ఒక మాట. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. కోవిల్‌పట్టిలో నేను చదివిందంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, రైల్వేలో చేరినాక ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు రిటైరయినాక మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అది పలకమీద దిద్దింది, నేను ఫోనులో దిద్దినాను. పోయినసారి విరుదునగర్ గూడ్స్ షెడ్డులో మిరపకాయ మూటల గురించి రాస్తే చాలామంది బాగుందన్నారు. ఆ ధైర్యంతో ఈసారి కొంచెం పెద్దదే రాస్తున్నాను. టీ పెట్టుకుని కూర్చోండి.

మొన్న మన వార్షికోత్సవంలో పిల్లలు వేసిన హాస్య నాటిక మీకు గుర్తుండే ఉంటుంది. ఒక అబ్బాయి మోకాళ్ళకు చెప్పులు కట్టుకుని పొట్టివాడి వేషం వేసినాడు. మిగతా పిల్లలు అతని నెత్తిమీద టీ గ్లాసులు పెట్టినారు. చంకలో పెట్టుకుని ఎత్తుకుపోయినారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వినాను. నవ్వి పక్కకు చూసినాను. పక్క కుర్చీలో నా తమ్ముడు.

నా తమ్ముడు మీలో చాలామందికి తెలుసు. మనవాళ్ళ పెళ్ళిళ్ళలో పందిరి మొదట్లో, ఎత్తు కుర్చీలో కూర్చుని మొయి నోటు రాసేది వాడే. మూడడుగుల పది అంగుళాల మనిషి. ఆ నోటులో ఒక్క రూపాయి తప్పుపోయిందని ఈనాటి వరకు ఎవరూ అన్నది లేదు. ఆ రోజు వాడు నవ్వలేదు, కోపపడలేదు. స్టేజీ మీద ఆ అబ్బాయి కాళ్ళకేసి చూస్తా ఉన్నాడు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. యాభై ఏళ్ళకు పైగా నేను మోస్తున్న ఒక కథ గుర్తొచ్చింది. తమ్ముడిని అడిగి, వాడు సరే అన్నాకే రాస్తున్నాను.

అది 1971. నాకు పన్నెండు, తమ్ముడికి ఎనిమిది. కోవిల్‌పట్టి అప్పుడు తిరునెల్వేలి జిల్లాలో ఉండేది. వానలు సరిగా లేక మా కరిసల్ భూమిలో పత్తి పోయింది. నాయన అప్పుల్లో ఉన్నారు. అమ్మ, అవ్వ తీప్పెట్టి ఆఫీసునుంచి చట్రాలు తెచ్చుకుని ఇంట్లో పుల్లలు పేర్చేవాళ్ళు. ఆ ఏడు ఊరిబయట తిడల్‌లో సర్కస్ దిగింది. పెద్ద కంపెనీ కాదు. రెండు స్తంభాల కూడారం, రెండు ఏనుగులు, ముసలి సింహం ఒకటి. అయినా రాత్రి వాళ్ళ సెర్చిలైటు ఆకాశంలో తిరుగుతుంటే చుట్టుపక్కల పల్లెలనుంచి ఎద్దుబండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు.

నాయన మమ్మల్ని గ్యాలరీ టికెట్టుకు తీసుకుపోయినారు. అప్పుడు చూసినాను ఆయనను. పొడుగు మనిషి, సన్నగా, యాభై ఏళ్ళుంటాయి. తెల్లటి ముఖం, కంటికింద నల్లటి చుక్క, మనిషికి రెండింతల వెడల్పున్న ప్యాంటు. ఊయలాట మొదలుకాకముందు వల కడతారు కదా. వల కట్టడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు జనం లేచి పోకుండా ఉంచవలసింది ఆయన. ఒక బక్కెట్టు, ఒక చీపురు, ఒక కుర్చీ, ఇంతే ఆయన దగ్గర ఉన్నది. కుర్చీలో కూర్చోవాలని చూస్తారు, కుదరదు. అంతే ఆట. తమ్ముడు నవ్వి నవ్వి గ్యాలరీ పలకల సందులోనుంచి కిందకు జారిపోయినాడు. వాడిని పైకి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే, వాడి గుండె నా చేతికి కొట్టుకుంటా ఉంది. వాడు అంతగా నవ్వడం నేను అదే మొదటిసారి చూసినాను.

ఎందుకంటే వాడిని చూసి అందరూ నవ్వేవాళ్ళు, వాడు నవ్వేది తక్కువ. బజారులో వాడి పేరు కుళ్ళన్. నేనేమీ గొప్ప అన్నను కాను. బడికి పోయేటప్పుడు వాడికి పది అడుగులు ముందు నడిచేవాడిని. వాడు నా తమ్ముడని కొత్త వాళ్ళకు తెలియకూడదని. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు మీకు చెప్తున్నాను.

రెండోరోజు పొద్దున సర్కస్ కంపెనీ మనిషి ఒకడు మా ఇల్లు వెతుక్కుంటా వచ్చినాడు. గ్యాలరీలో తమ్ముడిని చూసినాడట. అబ్బాయిని పంపండి, తిండీ బట్టా మావి, నెలనెలా డబ్బు పంపుతాము, ముందుగా రెండు వందలు ఇస్తాము అన్నాడు. రెండు వందలు! ఆ ఏడు మా ఇంట్లో అంత డబ్బు ఒక్కచోట చూసింది లేదు. నాయన వెంటనే వద్దనలేదు. రేపు చెప్తాను అన్నారు. అమ్మ ఆ రాత్రంతా పుల్లలు పేరుస్తానే ఉంది, ఒక్కమాట మాట్లాడలేదు. తమ్ముడు మాత్రం నిద్రపోకుండా చీపురు పట్టుకుని కుర్చీ ఆట ఆడినాడు.

తెల్లవారకముందే తలుపు తట్టిన చప్పుడు. రంగు లేని ముఖంతో ఒక పొడుగు మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని. నాయన తమిళంలో ఎవరు అని అడిగినారు. మా అవ్వ లోపలినుంచి తెలుగులో "ఎవరురా అది ఈ పొద్దున?" అనింది. ఆ మాట విని ఆయన ముఖం విచ్చుకుంది. "మీరు తెలుగోళ్ళేటి బాబూ!" అన్నారు.

మన తెలుగు, ఆయన తెలుగు ఒకటి కాదు. మనం "ఏమి" అంటే ఆయన "ఏటి". మనం "పిల్లోడు" అంటే ఆయన "గుంటడు". వాళ్ళది విజయనగరం వైపు. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పేరు మీలో కొందరు వినుంటారు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, ఒంటికి కట్టిన ఇనుప గొలుసులు తెంపినాడు, సొంతంగా సర్కస్ నడిపినాడు. 1942లో పోయినాడు. ఆయన పుట్టింది, పెరిగింది అటువైపే. ఆ గొలుసుల కథలు వింటా వింటా మా జోకర్ తాత పన్నెండో ఏట ఇల్లు వదిలి సర్కస్ వెనకబడి పోయినాడట. "నాను బలవంతుణ్ణవుదామని ఎల్లాను బాబూ. బక్కోణ్ణని జోకర్ని సేసీసినారు" అన్నారు. మా అవ్వ పకపకా నవ్వింది. ఆమె నవ్వుతుండగానే ఆయన అసలు మాట చెప్పినారు.

"బాబూ, నా మాటినుకో. గుంటణ్ణి పంపకు. పొట్టోణ్ణి సూసి జనం ఎలాగూ నవ్వుతారు. ఆ నవ్వు ఆడి సంపాదన కాదు. ఆడు ఏదో పని సేసి నవ్విత్తే అది ఆడిది. మా కంపెనీలో ఆడికి పని నేర్పరు. ఊరికే నిలబెట్టీసి తంతారు. రేపు వయసయ్యాక బయటికి గెంటీత్తే ఆడి సేతిలో ఏ విద్యా ఉండదు. సదివించు."

నాయన సరే అన్నారు. ఆయనకు ఒక లోటా మజ్జిగ ఇచ్చినాము. తాగి, తువ్వాలు మళ్ళీ చుట్టుకుని, కంపెనీ వాళ్ళు లేవకముందే పోవాలని గబగబా పోయినారు. ఈ సంగతి తెలిస్తే ఆయన ఉద్యోగమే పోయేది. తన కడుపు కొట్టుకుని మా ఇంటికి వచ్చిన మనిషి అని మా అమ్మ బతికున్నంత కాలం చెప్తానే ఉండేది.

తమ్ముడు తలుపు వెనక నిలబడి అంతా విన్నాడు. పదిరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

1980లో నాకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. విరుదునగర్ జంక్షన్‌లో గూడ్స్ క్లర్కుగా ఉన్నాను. అప్పుడంతా మీటర్ గేజీ. 1983లో పంగుని పొంగల్‌కు ముందు ఒకరోజు వ్యాగన్ల కాగితాలు చూస్తుంటే సర్కస్ సామాను అని ఉంది. అప్పటికి చాలా కంపెనీలు లారీలకు మారిపోయినాయి గానీ, వీళ్ళ స్తంభాలు, ఇనుప పలకలు ఇంకా రైల్లోనే వచ్చేవి. తెల్లవారుజామున షెడ్డు దగ్గర సామాను దించుతా ఉంటే, ఒక పొడుగు ముసలాయన పెట్టెమీద కూర్చుని హమాలీల పిల్లలకు చేతిలోని బీడీని మాయం చేసి చూపిస్తా ఉన్నారు. దగ్గరికిపోయి, "ఏటి బాబూ" అన్నాను. నా ముఖం చూసి గుర్తుపట్టలేదు. మజ్జిగ అన్నాను. లేచి నిలబడినారు.

తమ్ముడికి కార్డు రాసి పిలిపించినాను. వాడు అప్పటికి పదో తరగతి పాసై, కోవిల్‌పట్టిలో ఒక తీప్పెట్టి ఆఫీసులో కూలి లెక్కలు రాస్తున్నాడు. మారియమ్మన్ పొంగల్ చూసినట్టూ ఉంటుంది, తాతను చూసినట్టూ ఉంటుందని మూడురోజులు సెలవు పెట్టి వచ్చినాడు.

ఆ సాయంత్రం ఆటకు జనం పలచగా ఉన్నారు. కారణం మీకు తెలుసు. రెండేళ్ళ ముందు, 1981 ఫిబ్రవరిలో బెంగళూరులో సర్కస్ కూడారం అంటుకుని తొంభైమందికి పైగా పోయినారు. ఎక్కువమంది బడిపిల్లలు. మంటకన్నా తొక్కిసలాట ఎక్కువ ప్రాణాలు తీసిందని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. తల్లులు పిల్లలను పంపడానికి భయపడేవాళ్ళు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో 1944లో ఇలాగే అంటుకున్నది. నీళ్ళు లోపలికి దిగకుండా కూడారానికి మైనం, పెట్రోలు కలిపి పూసినారట. నూట అరవైమందికి పైగా పోయినారు. ఆ రోజు తీసిన ఫోటో ఒకటి ఈ మధ్య నా ఫోనులో చూసినాను. ఎమ్మెట్ కెల్లీ అనే పేరున్న జోకర్, ముఖాన రంగు, కాళ్ళకు ఆ పెద్ద బూట్లు, చేతిలో నీళ్ళ బక్కెట్టు పట్టుకుని మంటవైపు పోతున్నాడు. అందరినీ నవ్వించే బక్కెట్టే అది.

ఆ రోజు విరుదునగర్‌లో ఆట సగంలో ఉండగా కరెంటు పోయింది. మొత్తం చీకటి. జెనరేటరు వెంటనే పట్టుకోలేదు. గ్యాలరీలో ఎవరో ఆడమనిషి కేక పెట్టింది. పలకలమీద కాళ్ళ చప్పుడు మొదలైంది. నా చేయి తమ్ముడి భుజంమీద ఉంది. తొక్కిసలాట అయితే మొదట నలిగేది వాడే. నాకు నోరు ఎండిపోయింది.

అప్పుడు రింగు మధ్యలోనుంచి పెద్దగా చెంపదెబ్బ చప్పుడు. దానివెనకే తమిళంలో ఏడుపు గొంతు, "అయ్యయ్యో, ఎవడురా కొట్టింది?" మళ్ళీ చెంపదెబ్బ. "ఒరే, చీకట్లో కొడితే నాకు తెలియదనుకున్నావా?" మళ్ళీ ఒకటి. "ఇది వాడిది కాదు, ఇది వేరే చెయ్యి!" ఒక పిల్లోడు నవ్వినాడు. తర్వాత ఒక వరస నవ్వింది. ఆ చీకట్లో ఒక్క మనిషి పదిమంది చేత దెబ్బలు తిన్నాడు. ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క తిట్టు. లైట్లు వచ్చేసరికి అందరూ కూర్చునే ఉన్నారు. రింగులో ఆయన ఒక్కరే, తన రెండు చేతులూ చూసుకుంటా, దొంగ దొరికినట్టు నిలబడి ఉన్నారు. ఆ నవ్వుకు కూడారం లేచిపోతుందేమో అనిపించింది.

తర్వాత అడిగితే, "నవ్వేవోడు లేచి పరిగెత్తడు బాబూ, నవ్వడానికి కూకోవాల" అన్నారు. అంతే. ఇంకేమీ గొప్ప చెప్పుకోలేదు.

ఆట అయినాక వెనకవైపు పోయినాము. చిన్న గుడారం, ఇనుప పెట్టె, దానిమీద పగిలిన అద్దం. కొబ్బరినూనె రాసుకుని, పాత ధోవతి గుడ్డతో రంగు తుడుచుకుంటున్నారు. ముఖం సగం తెలుపు, సగం చామనఛాయ. తమ్ముడు నిలబడి చూసినాడు. నమస్కారం పెట్టలేదు. పన్నెండేళ్ళు కడుపులో దాచుకున్న మాట అడిగేసినాడు.

"తాతా, ఆ రోజు నన్నెందుకు వద్దన్నావు?"

ఆయన గుడ్డ కింద పెట్టినారు. "తప్పు సేసినానేటి?"

"అది తెలియదు. నన్నెవరూ అడగలేదు. నువ్వు నాయనను అడిగినావు. కంపెనీవాడు నాయనను అడిగినాడు. నన్ను ఎవరూ అడగలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముసలాయన చేసిన ఉపకారానికి ఇదా మాట అని వాడిని గదమాయించబోయినాను. ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపినారు. చాలాసేపు ఊరుకుని, "నిజమే. ఎనిమిదేళ్ళోడివని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వత్తావేటి? నాను నేర్పుతాను" అన్నారు.

నేను వెంటనే "వద్దు" అన్నాను.

"నిన్నడగలేదు బాబూ" అన్నారు ఆయన. తమ్ముడు ఫక్కున నవ్వినాడు. గ్యాలరీలోనుంచి జారిపడిన నాటి నవ్వు.

మూడురోజులు వాడు ఆయన దగ్గరే ఉన్నాడు. నేను డ్యూటీ అయినాక పోయి చూసేవాడిని. అప్పుడు తెలిసింది ఇది ఎంత పెద్ద పని అని. చెంపదెబ్బ కొట్టేవాడి చెయ్యి చెంపకు తగలదు. తినేవాడే తన రెండు చేతులు ఛాతీ దగ్గర కొట్టుకుంటాడు, అదే క్షణాన తల తిప్పుతాడు. జనం కన్ను చెంపమీద ఉంటుంది, చప్పుడు చేతుల్లోనుంచి వస్తుంది. తల ఒక్క వెంట్రుకవాసి ముందు తిరిగినా ఆట చెడుతుంది. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించుకోవాలి, ఊపిరి వదిలేయాలి, ఒంటికన్నా ముందు చెయ్యి నేలను కొట్టాలి. చెయ్యి ఆ దెబ్బను మింగేస్తుంది. తల కింద తగలదు. ఊయలమీద ప్యాంటు జారిపోయే జోకర్‌ను మీరంతా చూసే ఉంటారు. వాడు మంచి ఆటగాడు కాకపోతే అలా తప్పు చేయలేడు. తప్పు చేసి బతకాలంటే ముందు ఒప్పు రావాలి. ఇవన్నీ ఆయన నోటితో తక్కువ చెప్పేవారు, చేసి చూపించేవారు.

సర్కస్ రింగు ఎక్కడైనా 42 అడుగులు. లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే గుర్రపు సిపాయి 1768లో మొదలుపెట్టినాడు. గుండ్రంగా పరుగెత్తే గుర్రంమీద మనిషి నిలబడాలంటే ఆ కొలత కుదిరిందట. గుర్రపు సవారీ రాని దర్జీ వేషం వేసి జనాన్ని నవ్వించింది కూడా ఆయనే. అంటే జోకర్ మొదటినుంచీ ఉన్నాడు. మన దేశంలో విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో మొదటి సర్కస్ పెట్టినాడు. తలశ్శేరిలో కీలేరి కుంజిక్కణ్ణన్ మాస్టర్ పిల్లలకు నేర్పినాక కేరళవాళ్ళతో సర్కస్‌లు నిండిపోయినాయి. కానీ నవ్వించేవాడు మనకు అంతకుముందే ఉన్నాడు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క. ఇక్కడి తమిళ పావై కూత్తులో ఉచ్చికుడుంబన్, ఉళువత్తలయన్. రాముడు, రావణుడు అలసిపోయినప్పుడు తెరమీదకు వచ్చేది వీళ్ళే. ఇంగ్లండులో జోకర్ల సంఘం ఒకటి ఉంది. 1940లనుంచి ఒక్కొక్క జోకర్ ముఖం రంగులను ఒక్కొక్క గుడ్డుమీద గీసి దాచుకుంటున్నారు. ఒకరి ముఖం ఇంకొకరు వేసుకోకూడదు. మా తాత కంటికింద ఆ నల్లచుక్క ఏ గుడ్డుమీదా లేదు. నా తలలో ఉంది.

నాలుగోరోజు పొద్దున తమ్ముడు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడినాడు. "తాతా, నేను రాను. శనివారం కూలి బట్వాడా. నేను లేకపోతే ఆడవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు? వాళ్ళకు చట్రాలు తక్కువ రాసేస్తారు" అన్నాడు.

ఆయన పెద్దగా నవ్వి వాడి నెత్తిమీద చెయ్యి పెట్టబోయి, ఆగి, కింద కూర్చుని, వాడి చెయ్యి పట్టుకున్నారు. వాడి నెత్తిమీద చెయ్యి పెట్టకూడదని ఆయనకు ఎవరు చెప్పినారో నాకు తెలియదు. అప్పటిదాకా ఊరంతా వాడి నెత్తి నిమిరేది. నేను కూడా. ఆ రోజునుంచి మానేసినాను.

ఆనాటినుంచి తమ్ముడు మారినాడు అని కథల్లోలాగా రాయలేను. బజారు బజారులానే ఉండింది. 1989లో కమలహాసన్ అప్పు వేషం వేసిన సినిమా వచ్చింది, తెలుగులో విచిత్ర సోదరులు. దాంతో కుళ్ళన్ పోయి అప్పు అయినాడు. "ప్రమోషన్ వచ్చిందన్నా" అని నవ్వినాడు. అయితే ఒకటి మాత్రం నిజం. వద్దు అని వాడు తన నోటితో చెప్పినాక, ఆ సర్కస్ గురించి వాడికి బాధ లేదు. ఇరవై ఏళ్ళ వయసులో దొరికిన ఆ ఒక్క ప్రశ్న, వాడికి అంత ముఖ్యం అని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆఖరుసారి ఆయనను చూసింది 1994లో. అప్పటికి నేను బుకింగ్‌లో ఉన్నాను. కిటికీలోనుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. "విజయనగరానికి ఒకటి బాబూ." తల ఎత్తి చూసినాను. ఆ ఇనుప పెట్టెతో ఒక్కరే ఉన్నారు. మోకాళ్ళు పోయినాయి, పడితే లేవలేకపోతున్నాను, ఇంటికి పొమ్మన్నారు అన్నారు. అరవై ఏళ్ళ ముందు వదిలిన ఇంట్లో ఎవరున్నారని నేను అడగలేదు. డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, టీ తాగించి, మద్రాసు ఎగ్మోర్‌లో దిగాక సెంట్రల్‌కు ఎలా పోవాలో, ఏ బండి ఎక్కాలో కాగితంమీద రాసి ఇచ్చినాను. ఆయన ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి జేబులో పెట్టుకున్నారు.

ప్లాట్‌ఫారం మీద, "ఏదీ, ఆ సెంపదెబ్బ ఒకపాలి కొట్టు" అన్నారు. యూనిఫారంలో ఉన్నాను, చుట్టూ జనం. సిగ్గుపడతానే చేతులు కొట్టి తల తిప్పినాను. "తల ముందెల్లిపోయింది. నీ తమ్ముడు బాగా సేత్తాడు" అన్నారు. బండి కదిలింది. చేరినాక ఉత్తరం రాస్తానన్నారు. రాయలేదు. చాలారోజులు కోపంగా ఉన్నాను. ఆ కాగితం ఆయన తలకిందులుగా పట్టుకుని చూసినారని చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది.

ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. 1998లో ప్రభుత్వం సింహం, పులి, ఎలుగుబంటి, కోతులను సర్కస్‌లో ఆడించకూడదని ఉత్తరువు వేసింది, 2001లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది. 2011లో పిల్లలను సర్కస్ పనికి పెట్టుకోకూడదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పేపర్లో చదివినప్పుడు నాకు మా వాకిట్లో మజ్జిగ లోటా గుర్తొచ్చింది. బడిమొహం చూడని మనిషి, నలభై ఏళ్ళ ముందే, తన జీతం పణంపెట్టి ఆ మాట చెప్పినాడు. కేరళలో వయసుమళ్ళిన సర్కస్ కళాకారులకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది. ఆయనకు ఏ పింఛనూ లేదు. నాకు నెలనెలా ఒకటో తేదీకి వస్తుంది. అప్పుడప్పుడు బ్యాంకు మెసేజీ చూసి ఆయన గుర్తొస్తారు.

ఇక మన వార్షికోత్సవానికి వస్తాను. ఆ పిల్లలమీద నాకు కోపం లేదు. నేను నవ్వినాను కదా, నాకేమి హక్కు? ఇంటికి వచ్చేదారిలో తమ్ముడిని అడిగినాను, నొప్పించిందా అని. వాడు చెప్పింది ఇది.

"నొప్పి ఎప్పుడూ ఉంటుందన్నా, అది వదిలెయ్. నేను చూసింది వేరే. ఆ పిల్లోడు వెనక్కి పడినప్పుడు గడ్డం పైకి ఉంది. రెండుసార్లు తల పలకకు తగిలింది. వాడు నవ్వినాడు గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. అందుకే భోజనాలప్పుడు వాడిని వెనకకు పిలిచి చూపించినాను."

భోజనాల్లో వాడు కనబడలేదని నేను వెతికినాను కూడా. అరవైరెండేళ్ళ మనిషి, మెట్లకింద, పన్నెండేళ్ళ పిల్లోడికి పడడం నేర్పుతా ఉన్నాడట. ఆ పిల్లోడు మూడోసారికే పట్టుకున్నాడట. పోతాపోతా "తాతా, వచ్చే ఏడు మాకు నేర్పిస్తావా?" అని అడిగినాడట.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"పెద్దవాళ్ళను కాదు, నన్ను అడిగినావు కదా, వస్తాను అన్నాను" అన్నాడు తమ్ముడు.

కాబట్టి వచ్చే ఏడు కార్యక్రమం చూసుకునే తమ్ముళ్ళకు నా మనవి ఒక్కటే. హాస్యం వద్దనకండి. నాటిక పెట్టేముందు వాడిని కలవండి. ఫోను నాకు చేయకండి, వాడికే చేయండి.